యానిమేషన్ షాట్లను సినిమాగా కూర్చాలంటే ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?

మామూలు సినిమాలో షూటింగ్ అయ్యాక ఎడిటింగ్ మొదలవుతుంది. యానిమేషన్‌లో ఈ వరస తిరగబడుతుంది. స్టోరీబోర్డు బొమ్మలు, పాత్రల మాటల రికార్డింగు చేతికి రాగానే టైమ్‌లైన్ (క్లిప్‌లను వరసగా పేర్చే పట్టీ) తెరవాలి. అసలు షాట్లు ఆ తర్వాత నెలల తరబడి ఒక్కొక్కటిగా వచ్చి ఆ బొమ్మల స్థానంలో కూర్చుంటాయి. ఒకే షాట్ నాలుగైదు సార్లు మారి రావడం మామూలే. అందుకే ఈ పనికి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ట్రాన్సిషన్లు ఎన్నున్నాయి, టెంప్లేట్లు ఎన్నున్నాయి అన్న లెక్క పక్కన పెట్టండి. ముందు రెండు విషయాలు తేల్చుకోండి. నంబర్లు వేసిన బొమ్మల వరసను సరైన వేగంతో ఒకే క్లిప్‌గా తీసుకుంటుందా? పాత షాట్ తీసి కొత్త వెర్షన్ పెడితే, అంతకుముందు చేసిన కట్‌లు చెదరకుండా ఉంటాయా? ఈ రెంటిలో తడబడే సాఫ్ట్‌వేర్ ఎంత పేరున్నదైనా మీ పనికి ఇబ్బందే.

కింది పద్ధతి 5 నుంచి 20 నిమిషాల లఘుచిత్రం చేసే ఒక్కరికో చిన్న బృందానికో పనికొస్తుంది. షాట్లు బ్లెండర్, క్రిటా, ఓపెన్‌టూంజ్, పెన్సిల్‌2డి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ లాంటి వాటిలో తయారవుతున్నాయని అనుకుందాం.

1. ముందు మూడు అంకెలు రాసి పెట్టుకోండి

ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని నిశ్చల చిత్రాలు), ఫ్రేమ్ సైజు, నిడివి. ఇవి తేలకుండా సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేస్తే పోలికకు ఆధారమే ఉండదు.

ఫ్రేమ్ రేటు విషయంలో కచ్చితంగా ఉండండి. వేరే కారణం లేకపోతే సెకనుకు 24 పెట్టుకోండి. థియేటర్ ప్రదర్శనకు 24 సహజమైన రేటు. రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున గీసేవారికి సెకనుకు 12 బొమ్మలు చాలు. బ్లెండర్, క్రిటా కొత్త ఫైలును 24తోనే మొదలుపెడతాయి. పెన్సిల్‌2డి మాత్రం 12తో మొదలుపెడుతుంది. ఆ తేడా గమనించక 12 రేటులో గీసిన 60 బొమ్మలను 24 రేటు టైమ్‌లైన్ మీద పెడితే, 5 సెకన్ల నడక రెండున్నర సెకన్ల పరుగైపోతుంది. మన దేశంలో టీవీ ప్రసారం కోసమే చేస్తుంటే 25 ఎంచుకోండి. ఆ మాట మొదటి రోజే ఛానల్‌తో తేల్చుకోవాలి. సినిమా సగమయ్యాక 24 నుంచి 25కు మారడమంటే మాటలు, పెదవుల కదలిక, సంగీతం అన్నీ మళ్లీ ముట్టుకోవడమే.

మరో ఉచ్చు 23.976. చాలా సాఫ్ట్‌వేర్ల పట్టికలో ఇది 24 పక్కనే ఉంటుంది, కొన్నిచోట్ల 23.98 అని కనిపిస్తుంది. రెంటికీ తేడా వెయ్యింట ఒకటే. 10 సెకన్ల షాట్‌లో అది తెలియదు. 10 నిమిషాల సినిమాలో 0.6 సెకను, అంటే 14 ఫ్రేముల తేడా వస్తుంది. మొదట్లో సరిగ్గా ఉన్న లిప్‌సింక్ (మాటకు పెదవులు కలవడం) చివరి సీన్‌కు వచ్చేసరికి స్పష్టంగా తప్పుతుంది. బృందంలో అందరూ కచ్చితమైన 24లోనే ఉన్నారని సెట్టింగ్స్ తెరిచి కంటితో చూసుకోండి.

సైజుకు 1920×1080 చాలు. ఫిల్మ్ ఫెస్టివల్ కోసం డీసీపీ (థియేటర్లో వేసే డిజిటల్ కాపీ) చేయాల్సి వస్తే 2కే ఫ్లాట్ సైజు 1998×1080. మీ బొమ్మను సాగదీయకుండా అందులో పెడితే అటూ ఇటూ 39 పిక్సెళ్ల నల్ల అంచు మిగులుతుంది. తెర మీద అది దాదాపు కనిపించదు. 2048×858 స్కోప్ (మరింత వెడల్పైన చట్రం) కావాలనుకుంటే మాత్రం స్టోరీబోర్డు దశలోనే ఆ చట్రంలో గీయాలి.

ఇక నిడివి. 10 నిమిషాలంటే 14,400 ఫ్రేములు. చదును రంగుల కార్టూన్ ఫ్రేము పీఎన్‌జీగా 1 ఎంబీ లోపే ఉండొచ్చు. గ్రెయిన్ ఉన్న త్రీడీ ఫ్రేము 3, 4 ఎంబీ దాకా పోతుంది. సగటున 3 ఎంబీ అనుకుంటే ఒక్క వెర్షన్‌కే 43 జీబీ. పాత వెర్షన్లు కూడా ఉంచుకోవాలి కనుక దానికి మూడు రెట్ల ఖాళీ చూసుకోండి. ఈ ఫైళ్లు ఎస్‌ఎస్‌డీ మీద ఉండాలి. పాత హార్డ్ డిస్కులో వేల చిన్న ఫైళ్లను సెకనుకు 24 చొప్పున వెతికి తేవడం కష్టమవుతుంది. అప్పుడు టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంది, నెపం సాఫ్ట్‌వేర్ మీదికి పోతుంది.

2. షాట్లు ఏ రూపంలో వస్తాయో నిర్ణయించండి

ఒక్కో షాట్‌ను ఎంపీ4 వీడియోగా కాకుండా పీఎన్‌జీ ఫ్రేముల వరసగా రెండర్ చేయండి, అంటే పూర్తయిన బొమ్మలుగా బయటికి తీయండి. రాత్రంతా నడిచే రెండర్ 180వ ఫ్రేము దగ్గర కరెంటు పోయి ఆగితే, పీఎన్‌జీ వరసలో 180 నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఎంపీ4 అయితే ఫైలు మూసే సమాచారం చివర్లో రాస్తారు కాబట్టి సగంలో ఆగిన ఫైలు తెరుచుకోదు. పైగా హెచ్.264 (ఎంపీ4లో మామూలుగా వాడే కుదింపు పద్ధతి) వీడియోలో చాలా ఫ్రేములు ముందువెనుక ఫ్రేముల మీద ఆధారపడి ఉంటాయి. ఒక్క ఫ్రేము వెనక్కి జరగాలన్నా కంప్యూటర్ ఎన్నో ఫ్రేములు విప్పాలి. మరోసారి ఎగుమతి చేసినప్పుడు సన్నటి గీతల చుట్టూ మచ్చలూ వస్తాయి. ఆకాశం లాంటి నున్నని రంగుమార్పులు ఎక్కువుంటే 16 బిట్ పీఎన్‌జీ తీయండి. 8 బిట్‌లో అవి మెట్లుమెట్లుగా కనిపిస్తాయి.

ఫైలు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా పెట్టండి. సీన్ నంబరు, షాట్ నంబరు, వెర్షన్ నంబరు, ఆఖరున నాలుగంకెల ఫ్రేము నంబరు ఉండాలి. ఫ్రేము నంబరు 1 అని కాక 0001 అని ఉండాలి. సున్నాలు లేకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు 1 తర్వాత 10, ఆ తర్వాత 100, అటు పిమ్మట 2 తీసుకుంటాయి. షాట్లకు 010, 020, 030 అని పదుల్లో నంబర్లివ్వండి. మధ్యలో కొత్త షాట్ పుడితే 015 అని పెట్టొచ్చు, మిగతావేవీ కదపక్కర్లేదు. ఒక్కో షాట్‌లో ఒక్కో వెర్షన్‌కు విడి ఫోల్డరు ఉండాలి. రెండో వెర్షన్ 96 ఫ్రేములై, మొదటిది 110 ఫ్రేములై, రెండూ ఒకే ఫోల్డరులో పడితే కొత్త షాట్ చివర 14 పాత ఫ్రేములు అతుక్కుంటాయి. చాలామందిని సతాయించే తప్పు ఇదే.

3. పరీక్ష సామగ్రి తయారుచేయండి

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని పదిమందిని అడిగితే పది పేర్లు వస్తాయి. ఒక పూట కూర్చుని కింది సామగ్రి చేసుకుంటే మీ కంప్యూటరే జవాబు చెబుతుంది.

మొదటిది 240 ఫ్రేముల వరస. ప్రతి ఫ్రేము మీదా దాని నంబరు పెద్దగా కనిపించాలి. బ్లెండర్‌లో అవుట్‌పుట్ ట్యాబ్‌లోని మెటాడేటా విభాగంలో బర్న్ ఇంటు ఇమేజ్ ఆన్ చేస్తే నంబరు తనే పడుతుంది. 1, 25, 49 అంటూ ప్రతి సెకను మొదటి ఫ్రేమునూ పూర్తి తెల్లగా ఉంచండి. చివరిది 217.

రెండోది 10 సెకన్ల శబ్దం. ఆడాసిటీ అనే శబ్దాల ఎడిటర్‌లో 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు చేసి, ప్రతి సెకను మొదట్లో ఒక్క ఫ్రేము పొడవున్న బీప్ పెట్టండి. 48,000ను 24తో భాగిస్తే సరిగ్గా 2,000 శాంపిళ్లు, అదే ఒక ఫ్రేము.

మూడోది వెనక ఏమీ లేని, అంచులు మెత్తగా ఉన్న పాత్ర బొమ్మల వరస, 48 ఫ్రేములు చాలు. నాలుగోది క్రిటాలో చేసిన ఒక బొమ్మ. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 128 విలువ ఉన్న బూడిద చతురస్రం, పక్కన పూర్తి నలుపు, పూర్తి తెలుపు ఉండాలి. ఐదోది మొదటి వరసకే రెండో వెర్షన్: అవే 240 ఫ్రేములు వేరే రంగు నేపథ్యంతో, వేరే ఫోల్డరులో.

4. ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ ఇవే ప్రశ్నలు అడగండి

*వేగం సరిగ్గా చదివిందా?* టైమ్‌లైన్‌ను 24కు పెట్టి వరసను దిగుమతి చేసి, శబ్దంతో కలిపి సరిగ్గా 9వ సెకను దగ్గర ఆగండి. 217 నంబరుతో తెల్ల ఫ్రేము, బీప్ మొదలు ఒకేచోట ఉండాలి. అక్కడ 226 కనిపిస్తే వరసను 25గా చదివింది. మొత్తం క్లిప్ 8 సెకన్లకే అయిపోతే 30గానో 29.97గానో చదివింది. ఒక్కో బొమ్మా కొన్ని సెకన్లు నిలబడితే, దాన్ని యానిమేషన్‌గా కాక స్లైడ్ షో అనుకుంది. ఇవన్నీ సరిచేసుకోగలిగినవే. అయితే ఆ సవరణ ప్రతి షాట్‌కూ విడిగా చేయాలా, ఒక్కసారి సెట్టింగ్‌లో మారిస్తే సరిపోతుందా అన్నది చూడండి. 120 షాట్ల సినిమాలో ఆ తేడా చాలా పెద్దది.

*షాట్ మార్చగలరా?* 240 ఫ్రేముల క్లిప్‌ను మూడు ముక్కలు చేసి, మధ్య ముక్కకు ఒక డిజాల్వ్ (ఒక బొమ్మ మరోదానిలోకి కరిగిపోవడం), కొంచెం రంగు మార్పు పెట్టండి. ఇప్పుడు రెండో వెర్షన్‌తో మార్చండి. మూడు ముక్కలూ అవే నంబర్ల దగ్గర మొదలై అక్కడే ముగియాలి, డిజాల్వ్, రంగు అలాగే ఉండాలి. ఈ పరీక్షకు ఎక్కువ మార్కులు వేయండి.

*రంగు మారిందా?* బూడిద చతురస్రాన్ని టైమ్‌లైన్ మీద పెట్టి ఒక ఫ్రేమును తిరిగి పీఎన్‌జీగా తీసి, క్రిటాలో రంగు కొలవండి. 128 దగ్గర 127 నుంచి 129 వరకు వస్తే సరే. బాగా తేడా వస్తే రంగుల సెట్టింగ్ ఏదో అడ్డుపడుతోంది. నలుపు బూడిదగా వెలిసినట్లు ఉంటే ఫుల్ రేంజ్, వీడియో రేంజ్ (నలుపు తెలుపుల విలువలను రాసే రెండు పద్ధతులు) తికమక జరిగిందని అర్థం.

*అంచులు శుభ్రంగా ఉన్నాయా?* పాత్ర వరసను తెల్ల నేపథ్యం మీద, తర్వాత ముదురు నీలం మీద పెట్టి జుట్టు అంచులు చూడండి. నల్లటి లేదా తెల్లటి సన్న గీత కనిపిస్తే ఆల్ఫాను, అంటే ఎక్కడ ఎంత పారదర్శకమో చెప్పే సమాచారాన్ని, తప్పుగా చదివింది. పీఎన్‌జీలో ఆల్ఫా విడిగా ఉండడం నియమం, దాన్ని స్ట్రెయిట్ అంటారు. ఈఎక్స్‌ఆర్ అనే బొమ్మల ఫార్మాట్‌లో రంగుతో ముందే గుణించి ఉంటుంది, అది ప్రీమల్టిప్లైడ్. ఈ రెంటి మధ్య మార్చుకునే వీలు క్లిప్ సెట్టింగ్‌లలో ఉండాలి.

*ఆగకుండా నడుస్తుందా?* నాలుగు లేయర్లు పెట్టి నడిపించండి. ఆగి ఆగి నడిస్తే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి కాపీలు) చేయమనండి. పీఎన్‌జీ వరసకు ప్రాక్సీ చేయగలదా, చేశాక ఫ్రేము నంబరు కచ్చితంగా సరిపోతుందా చూడండి. 1080 ఫ్రేము విప్పాక 6.2 ఎంబీ, అంటే సెకనుకు దాదాపు 149 ఎంబీ. నాలుగు లేయర్లంటే దానికి నాలుగు రెట్లు. ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఇది బరువే.

తెలుగు అక్షరాల పరీక్ష కూడా ఉంది. దాని సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి కనుక కిందికి ఉంచుతున్నాం.

5. ఏది ఎవరికి సరిపోతుంది

*డావించి రిజాల్వ్.* గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్, 16 జీబీ ర్యామ్ ఉంటే ముందు దీన్నే ప్రయత్నించండి. ఉచిత వెర్షన్‌లో 3840×2160 వరకు, సెకనుకు 60 ఫ్రేముల వరకు ఎగుమతి చేయొచ్చు. లఘుచిత్రానికి అంతకన్నా అక్కర్లేదు. మీడియా పేజీలో బొమ్మల వరస ఒకే క్లిప్‌గా కనిపిస్తుంది. విడివిడి బొమ్మలుగా కనిపిస్తే ఫ్రేమ్ డిస్‌ప్లే మోడ్‌ను సీక్వెన్స్‌కు మార్చండి. వేగం, ఆల్ఫా రెండూ క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో మారతాయి, అనేక క్లిప్‌లను ఎంచుకుని ఒకేసారి మార్చొచ్చు. మీడియా పూల్‌లో క్లిప్ మీద కుడి క్లిక్ చేసి రీప్లేస్ సెలెక్టెడ్ క్లిప్ అంటే కొత్త వెర్షన్ పాతదాని కట్‌లలోనే కూర్చుంటుంది. శబ్దానికి ఫెయిర్‌లైట్ పేజీ, రంగుకు కలర్ పేజీ అందులోనే ఉన్నాయి.

జాగ్రత్తలు మూడు. ప్రాజెక్టు తెరవగానే, ఒక్క ఫైలు కూడా దిగుమతి చేయకముందే టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు 24కు పెట్టండి. మీడియా లోపలికి వచ్చాక ఆ సెట్టింగ్ తాళం పడుతుంది. రెండోది, వరస మధ్యలో ఒక ఫ్రేము లేకపోతే అది రెండు క్లిప్‌లుగా చీలి కనిపించవచ్చు. కంగారు పడకుండా లేని నంబరు వెతికి ఆ ఒక్క ఫ్రేమే మళ్లీ రెండర్ చేయండి. మూడోది లైనక్స్ వాడేవారికి. ఉచిత లైనక్స్ వెర్షన్ హెచ్.264, హెచ్.265 వీడియోను తీసుకోదు, ఏఏసీ శబ్దమూ అంతే. ఫోన్‌లో రికార్డు చేసిన మాటలు ఏఏసీలో ఉంటే వేవ్‌గా మార్చి తెచ్చుకోవాలి. పీఎన్‌జీ, వేవ్ ఫైళ్లతోనే పనిచేసేవారికి ఈ అడ్డు పెద్దగా తగలదు. ఎగుమతి మాత్రం డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అనే నాణ్యమైన వీడియో రూపంలో చేసి, తర్వాత హ్యాండ్‌బ్రేక్ లాంటి దానితో ఎంపీ4 చేసుకోవాలి.

*బ్లెండర్ వీడియో సీక్వెన్సర్.* షాట్లన్నీ బ్లెండర్‌లోనే తయారవుతుంటే, కంప్యూటర్ మామూలుదైతే, ఇది నిజంగా మంచి దారి. కొత్త ఫైలు తెరిచేటప్పుడు వీడియో ఎడిటింగ్ అన్న టెంప్లేట్ ఎంచుకోండి. యాడ్ మెనూలో ఇమేజ్ సీక్వెన్స్ తీసుకుని ఫోల్డరులోని ఫ్రేములన్నీ ఎంచుకుంటే ఒకే స్ట్రిప్‌గా (క్లిప్‌కు బ్లెండర్‌లో ఉన్న పేరు) వస్తాయి, ఫ్రేముకొక బొమ్మ చొప్పున. వేగం తప్పే అవకాశమే తక్కువ. దిగుమతి కిటికీలో యూజ్ ప్లేస్‌హోల్డర్స్ అనే గడి ఉంటుంది. అది ఆన్ చేస్తే ఇంకా రెండర్ కాని ఫ్రేములకు ఖాళీ జాగా ఉంచి, ఉన్నవాటిని సరైన చోట పెడుతుంది. సగం రెండరైన షాట్‌ను కూడా టైమ్‌లైన్‌లో చూసుకోవచ్చు. వెర్షన్ మార్చాలంటే స్ట్రిప్ సోర్స్ విభాగంలో ఫోల్డరు దారి మార్చితే చాలు.

ఇందులో ఎక్కువమంది పడే గుంత రంగు. బ్లెండర్ 2.8 నుంచి త్రీడీ సీన్లకు ఫిల్మిక్, 4.0 నుంచి ఏజీఎక్స్ అనే వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (రంగులను తెరకు తగ్గట్టు మార్చే లెక్క) తనంతట తానే వర్తిస్తుంది. షాట్ పీఎన్‌జీగా రెండరైనప్పుడే ఆ మార్పు బొమ్మలో కలిసిపోతుంది. ఆ పీఎన్‌జీలను సీక్వెన్సర్‌లో పెట్టి మళ్లీ అదే ట్రాన్స్‌ఫార్మ్‌తో ఎగుమతి చేస్తే రెండోసారి వర్తించి సినిమా అంతా పాలిపోతుంది. ఎడిటింగ్ ఫైలులో వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ స్టాండర్డ్ అని ఉండాలి. టెంప్లేట్ తీసుకుంటే అలాగే వస్తుంది. పాత త్రీడీ ఫైలులోనే సీక్వెన్సర్ తెరిచినవారికి ఈ ఇబ్బంది వస్తుంది. మరో మాట: నడిపేటప్పుడు శబ్దం వెనకబడితే ప్లేబ్యాక్ మెనూలో సింక్ టు ఆడియో పెట్టండి. శబ్దం పని మాత్రం ఇందులో తేలిగ్గా సాగదు, మిక్సింగ్‌కు వేరే సాఫ్ట్‌వేర్ కావాలి.

*కేడెన్‌లైవ్.* ఉచితం, లైనక్స్‌లోనూ విండోస్‌లోనూ నడుస్తుంది, గ్రాఫిక్స్ కార్డు లేని 8 జీబీ ల్యాప్‌టాప్ మీద కూడా ప్రాక్సీలతో పని జరుగుతుంది. యాడ్ ఇమేజ్ సీక్వెన్స్ తెరిచి ఫైల్‌నేమ్ ప్యాటర్న్ పద్ధతి ఎంచుకోండి. ఫ్రేమ్ డ్యూరేషన్ దగ్గర కొన్ని సెకన్లు ఉంటాయి, దాన్ని ఒక్క ఫ్రేముకు తగ్గించండి. 12 రేటులో గీసిన పెన్సిల్‌2డి బొమ్మలైతే రెండు ఫ్రేములు పెట్టండి. ప్రాజెక్టు ప్రొఫైల్‌ను మొదటే 1080, 24గా ఎంచుకోవాలి. సగంలో మారిస్తే కట్‌లు జరుగుతాయి. ఎఫెక్టులు చాలావరకు 8 బిట్‌లోనే లెక్కిస్తుంది, కాబట్టి రంగులు ఎక్కువగా దిద్దే సినిమాకు ఇది అంత సరిపోదు. రంగులన్నీ షాట్ దశలోనే తేల్చుకుని వచ్చే టూడీ సినిమాకు హాయిగా సరిపోతుంది. మొదటి మూడు నిమిషాల సినిమా చేసేవారికి షాట్‌కట్ కూడా చాలు. మొదటి బొమ్మ తెరిచి, ప్రాపర్టీస్‌లో ఇమేజ్ సీక్వెన్స్ గడి టిక్ చేసి, రిపీట్ దగ్గర 1 పెట్టాలి.

*ప్రీమియర్ ప్రో.* నెలనెలా చందా కట్టాలి. షాట్లు ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో తయారవుతుంటే, అక్కడ మార్చింది రెండర్ లేకుండానే ఇక్కడ కనిపించే డైనమిక్ లింక్ కోసం ఆ డబ్బు పెట్టొచ్చు. లేకపోతే దీనికోసమే చందా అవసరం లేదు. తీసుకుంటే ముందుగా ప్రిఫరెన్సెస్‌లో మీడియా విభాగంలో ఇండిటర్మినేట్ మీడియా టైమ్‌బేస్‌ను 24కు మార్చండి. వేగం రాయని ఫైళ్లను, అంటే బొమ్మల వరసలను, ఏ రేటుగా తీసుకోవాలో అది చెబుతుంది. దిగుమతి కిటికీలో మొదటి ఫ్రేము ఎంచుకుని ఇమేజ్ సీక్వెన్స్ గడి టిక్ చేయాలి. మరిచిపోతే ఒక్క బొమ్మే వస్తుంది. వెర్షన్ మార్చడానికి రీప్లేస్ ఫుటేజ్ ఉంది, నమ్మకంగా పనిచేస్తుంది.

ఫోన్ ఎడిటర్లు చిన్న రీల్‌కు బాగానే ఉంటాయి. వందల షాట్ల వెర్షన్లు, ఫ్రేము నంబర్ల లెక్కలు ఉన్న పనికి అవి తగవు.

6. తెలుగు అక్షరాలు సరిగ్గా పడతాయా?

టైటిళ్లు తెలుగులో వేసే సినిమాకు ఈ పరీక్ష తప్పనిసరి. టైటిల్ పెట్టెలో ఈ మాటలు కొట్టి చూడండి: స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, కర్తృత్వం, కృతజ్ఞతలు. ఒత్తులు కిందికి దిగకుండా పొల్లుతో అక్షరాలు పక్కపక్కన నిలబడితే, ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు అక్షరాలను కూర్చడం రాదు. ఫాంటు మార్చినా బాగుపడదు. ప్రీమియర్‌లోనూ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనూ ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కు మార్చాక కొత్తగా కొట్టిన అక్షరాలు సరిగ్గా వస్తాయి. కేడెన్‌లైవ్ టైటిల్ పెట్టెలో సాధారణంగా ఇబ్బంది ఉండదు. బ్లెండర్ టెక్స్ట్ స్ట్రిప్‌లో మాత్రం ఒత్తులు విడిపోయే ప్రమాదం ఉంది, పరీక్షించకుండా నమ్మకండి.

ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా నమ్మదగిన దారి ఒకటుంది. టైటిల్ కార్డులను ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో 1920×1080 పేజీ మీద చేసి, నేపథ్యం లేని పీఎన్‌జీగా తీసి టైమ్‌లైన్ మీద పెట్టండి. రామభద్ర, మండలి, మల్లన్న, సూరన్న, గురజాడ, తెనాలి రామకృష్ణ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పేర్ల పట్టికకు సన్నటి ఫాంటు అందంగా ఉన్నా, గీతలు 3 పిక్సెళ్లకు తగ్గితే యూట్యూబ్ కుదింపులో అదురుతాయి. సబ్‌టైటిళ్ల ఎస్‌ఆర్‌టీ ఫైలును యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ రాసే పద్ధతి)లో దాచండి. లేకపోతే తెలుగు స్థానంలో ప్రశ్నార్థకాలు వరసగా నిలుస్తాయి.

7. ఎంచుకున్నాక కూర్పు ఇలా మొదలుపెట్టండి

మాటల ట్రాక్ ముందు పరచండి. దాని పైన స్టోరీబోర్డు బొమ్మలను, షాట్‌కు ఒక బొమ్మ చొప్పున, ఎంతసేపు ఉండాలో అంతసేపు పెట్టండి. దీన్నే యానిమేటిక్ అంటారు. సినిమా నిడివి ఇక్కడే తేలాలి. 4 సెకన్ల షాట్ అక్కర్లేదని యానిమేటిక్‌లో తేలితే ఒక బొమ్మ పోతుంది. రెండరయ్యాక తేలితే 96 ఫ్రేముల శ్రమ పోతుంది.

ఒక్కో షాట్ ఎన్ని ఫ్రేములో పట్టిక రాసి యానిమేటర్లకు ఇవ్వండి. డిజాల్వ్ ఉన్నచోట అదనపు ఫ్రేములు అడగడం మరవద్దు. 12 ఫ్రేముల డిజాల్వ్ కట్ మధ్యలో ఉంటే, ముందు షాట్ చివర 6, తర్వాతి షాట్ మొదట్లో 6 ఫ్రేములు ఎక్కువ కావాలి. అవి లేకపోతే సాఫ్ట్‌వేర్ చివరి ఫ్రేమును నిలబెట్టేస్తుంది, నడుస్తున్న పాత్ర ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. మామూలు కట్‌లకు అదనం అక్కర్లేదు.

షాట్లు రాగానే కొత్త ట్రాక్ మీద పెట్టి, కింద స్టోరీబోర్డు బొమ్మను అలాగే ఉంచండి. ఎక్కడ షాట్ రాలేదో ఒక్క చూపులో తెలుస్తుంది. షాట్ వేగం మార్చాల్సి వస్తే ఫ్రేము బ్లెండింగ్, ఆప్టికల్ ఫ్లో రెండూ ఆపేయండి. గీసిన బొమ్మల మధ్య అవి లేని బొమ్మలు పుట్టిస్తాయి, పాత్రకు మసక నీడ తోడొస్తుంది. రిజాల్వ్‌లో ప్రాజెక్టు సెట్టింగ్స్‌లో రీటైమ్ ప్రాసెస్‌ను నియరెస్ట్‌కు పెట్టండి.

శబ్దం బయట మిక్స్ చేయిస్తుంటే, బొమ్మ మొదలవడానికి సరిగ్గా 2 సెకన్ల ముందు, అంటే 48 ఫ్రేముల ముందు, ఒక్క ఫ్రేము బీప్, దానితోపాటు ఒక్క తెల్ల ఫ్రేము పెట్టి పంపండి. తిరిగొచ్చిన మిక్స్‌లో బీప్‌ను తెల్ల ఫ్రేముతో కలిపితే సినిమా మొత్తం కలుస్తుంది. మాటలు, శబ్దాలు, సంగీతం మూడూ విడివిడి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లుగా ఇవ్వండి.

8. ఎగుమతి

ముందు ఒక మాస్టర్ (పూర్తి నాణ్యత ఉన్న మూల కాపీ) తీయండి: ప్రోరెస్ 422 హెచ్‌క్యూ లేదా డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ హెచ్‌క్యూఎక్స్. 1080, 24లో ప్రోరెస్ 422 హెచ్‌క్యూ సెకనుకు సుమారు 176 మెగాబిట్లు, 10 నిమిషాలకు 13 జీబీ. మిగతా అన్ని కాపీలూ ఈ మాస్టర్ నుంచే తీయాలి. బ్లెండర్‌లో ఎడిట్ చేసేవారు పూర్తి సినిమాను కూడా పీఎన్‌జీ వరసగా తీసి, శబ్దాన్ని వేవ్‌గా తీసి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలపడం క్షేమం. అప్పుడు ఇన్‌పుట్ ఫ్రేమ్ రేటు 24 అని తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే బొమ్మల వరసను అది 25గా తీసుకుంటుంది, 10 నిమిషాల సినిమా 24 సెకన్లు ముందే అయిపోతుంది, శబ్దం మాత్రం నడుస్తూనే ఉంటుంది.

యూట్యూబ్‌కు హెచ్.264 ఎంపీ4, 1080, సెకనుకు 16 నుంచి 20 మెగాబిట్లు ఇవ్వండి. యూట్యూబ్ సూచించే 8 కన్నా ఎక్కువ ఇవ్వడం వల్ల, వాళ్లు మళ్లీ కుదించాక కూడా గీతలు నిలుస్తాయి. శబ్దం సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే శబ్దస్థాయిని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంటే యూట్యూబ్ దాన్ని పెద్దగా తగ్గించదు. ఫెస్టివల్ డీసీపీ అడిగితే మాస్టర్‌ను డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుని, 2కే ఫ్లాట్, 24 ఎంచుకుని చేయండి. పంపే ముందు ఆ డీసీపీని ఒక్కసారైనా థియేటర్ సర్వర్ మీద వేసి చూపించమని అడగండి. మొదటి నిమిషం, చివరి నిమిషం రెండుచోట్లా పాత్రల పెదవులు చూడండి. మొదట సరిగ్గా ఉండి చివర తప్పితే ఎక్కడో 23.976 దూరింది. మొదటి నుంచీ ఒకే తేడా ఉంటే శబ్దం ఫైలు మొదలు జరిగింది, దాన్ని అన్ని ఫ్రేములు వెనక్కి జరిపి మళ్లీ తీయాలి.